ఉద్యాపన లేని నోము: అలవాటు, ఆట, నైతికత

ఉపోద్ఘాతం

పాయింట్లు, స్థాయులు, బ్యాడ్జీలు, తెగని రోజుల లెక్క మొదలైన ఆట అంశాలను ఆట కాని సందర్భాలకు వర్తింపజేయడాన్ని గేమిఫికేషన్ అని వ్యవహరిస్తున్నారు. తెలుగులో దీనిని ‘క్రీడీకరణ’ అనవచ్చు. వ్యక్తిగత లక్ష్యాల సాధనలో, అలవాట్ల నిర్మాణంలో ఈ పద్ధతి విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. 2012లో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన డ్యుయోలింగో భాషాభ్యాసాన్ని ‘స్ట్రీక్’ అనే రోజుల వరుసతో ముడిపెట్టింది. 2013లో మొదలైన హ్యాబిటికాలో సాధకుడు నిత్యకృత్యాన్ని విస్మరిస్తే, తెరమీద అతనికి ప్రతినిధిగా ఉన్న పాత్ర ప్రాణశక్తిని కోల్పోతుంది. ఈ పద్ధతి ఫలిస్తుందా అన్నది మనస్తత్వశాస్త్రం తేల్చవలసిన విషయం. ఇలా ఏర్పడిన అలవాటు ఎంతవరకు సాధకుని సొంతమవుతుందన్నది నైతిక ప్రశ్న. ఆ నైతిక ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

ఆటంకం – ప్రతిఫలం

బెర్నార్డ్ సూట్స్ ‘ది గ్రాస్‌హాపర్’ (1978) అనే గ్రంథంలో ఆటను అనవసరమైన ఆటంకాలను స్వచ్ఛందంగా అధిగమించే ప్రయత్నంగా నిర్వచించాడు. అవధానంలోని నిషిద్ధాక్షరి ఈ నిర్వచనానికి తగిన ఉదాహరణ. పృచ్ఛకుడు అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని దానిని తప్పించి పద్యాన్ని నడిపిస్తాడు. ఇక్కడి ఆటంకం పద్యవిద్యలో అంతర్భాగం. దానిని దాటే ప్రయత్నంలోనే పదసంపద, ఛందోనైపుణ్యం, సమయస్ఫూర్తి పదునెక్కుతాయి. క్రీడీకరణలో చాలావరకు జరిగేది వేరు. అందులో సాధన ఉన్నచోటనే ఉంటుంది. దానికి పక్కన ఒక ప్రతిఫలం వచ్చి చేరుతుంది. నేర్చుకున్న పాఠానికీ వచ్చిన పాయింటుకూ సహజసంబంధం ఉండదు.

అలస్డైర్ మెకింటైర్ ‘ఆఫ్టర్ వర్చ్యూ’ (1981)లో ఈ భేదాన్ని చదరంగం ద్వారా వివరించాడు. మిఠాయి ఆశతో ఆడే పిల్లవానికి మోసం చేయకుండా ఉండటానికి కారణం కనిపించదు. ఆ ఆటకే ప్రత్యేకమైన విశ్లేషణశక్తిలో, వ్యూహకల్పనలో ఆనందం దొరికినప్పుడు మోసం అతనికే నష్టమవుతుంది. మిఠాయితో ఆరంభించడాన్ని మెకింటైర్ తప్పుపట్టలేదు. అయితే మిఠాయి నుండి చదరంగానికి మారడం దానంతట అదే జరుగుతుందని చెప్పలేము. లెపర్, గ్రీన్, నిస్బెట్ 1973లో ప్రకటించిన ప్రయోగంలో, బొమ్మలు గీయడం ఇష్టపడే పిల్లల్లో కొందరికి బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించారు. తరువాత బహుమతి ప్రసక్తి లేని వేళ వారు ఇతర పిల్లలకన్నా తక్కువ సమయం బొమ్మలపై గడిపారు. ముందుగా చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఈ తగ్గుదల కనిపించలేదు.

సంఖ్య ఆధిపత్యం

1965లో జపానులో విక్రయానికి వచ్చిన ‘మాంపో-కెయ్’ అనే అడుగుల లెక్క పరికరం పేరుకు ‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థం. వాణిజ్యానికి అనువుగా ఎంచుకున్న ఆ సంఖ్యే కాలక్రమంలో ప్రపంచమంతటా ఆరోగ్యప్రమాణంగా చెలామణి అయింది. పదహారు వేలకు పైగా వృద్ధమహిళలపై జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో, మరణ ప్రమాదం తగ్గుదల సుమారు 7,500 అడుగుల వద్దనే నిలకడకు వచ్చినట్లు తేలింది. నడకకోసం పుట్టిన సంఖ్య నడకను శాసించే స్థితికి చేరడం ఇక్కడ గమనించదగినది. సి. థీ న్యుయెన్ ఈ పరిణామాన్ని ‘వాల్యూ క్యాప్చర్’ అన్నాడు. వ్యక్తికి ఉన్న సంక్లిష్టమైన విలువల స్థానాన్ని సులభంగా లెక్కించగల కొలమానం ఆక్రమించడమే దీని సారాంశం.

ఈ ప్రమాదం చరవాణికే పరిమితం కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010 నిబంధనలలో ప్రవేశపెట్టిన ఎ.పి.ఐ. విధానం అధ్యాపకుల పరిశోధనకు పాయింట్లు కేటాయించింది. సూట్స్ చెప్పిన స్వచ్ఛందత ఇందులో లేకపోయింది. ఉద్యోగోన్నతి కోరినవారు ఈ లెక్కనుండి తప్పుకోలేకపోయారు. వ్యాసం రాయడానికి విషయమే ప్రేరణగా ఉన్నదా, పాయింటు ప్రేరణగా ఉన్నదా అన్న సందేహం ప్రతి పరిశోధకునికీ ఆత్మపరీక్షే.

నోము – దీక్ష – ముగింపు

లెక్కతో కూడిన సాధన తెలుగువారికి కొత్త కాదు. లక్షవత్తుల నోము, పదహారు ఫలాల నోము, రామకోటి వంటి వాటిలో సంఖ్య పేరులోనే ఉంది. అయితే వీటికి హద్దు కూడా ఉంది. నోముకు ఉద్యాపన, రామకోటికి సమర్పణ, అయ్యప్ప దీక్షకు నలభై ఒక్క రోజుల మండలం, ఆపై మాల విసర్జన ఉన్నాయి. సాధనను ఆరంభించినట్లే విధిపూర్వకంగా ముగించే ఏర్పాటు వీటి నిర్మాణంలో భాగం. స్ట్రీక్‌లో ఈ ఏర్పాటు లేదు. వెయ్యి రోజులు నిండినా మరునాడు మళ్లీ అదే బాధ్యత ఎదురవుతుంది. ఒకరోజు తప్పితే కూడబెట్టినదంతా పోతుందన్న భయం తోడవుతుంది. ఆ భయాన్ని తీర్చే ‘స్ట్రీక్ ఫ్రీజ్’ కూడా ఆటలోని సంపదతో కొనుక్కోవలసినదే. ఈ అర్థంలో అది ఉద్యాపన లేని నోము.

ముగింపుకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఉంది. మంచి పనిని తెలిసి చేయడం, దానికోసమే దానిని ఎంచుకోవడం, స్థిరమైన స్వభావంతో చేయడం – ఈ మూడూ ఉన్నప్పుడే అది సద్గుణం నుండి వచ్చిన పని అవుతుందని అరిస్టాటిల్ ‘నికోమాకియన్ ఎథిక్స్’ రెండవ భాగంలో ప్రతిపాదించాడు. బాహ్యప్రేరణ కొనసాగినంతకాలం ఈ స్థిరత్వం ఉన్నదో లేదో సాధకునికీ తెలియదు. దీక్షాకాలంలో మద్యం మానినవారిలో కొందరు మాల తీసిన తరువాత మళ్లీ మొదలుపెడతారు, కొందరు శాశ్వతంగా విడిచిపెడతారు. ఈ తేడాను వెల్లడించేది దీక్ష ముగిసిన మరునాడే.

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చు. నోములు కూడా ఫలాపేక్షతో కూడినవే గదా అన్నది మొదటిది. ఇది సత్యమే. ఆచారం యాంత్రికమైనప్పుడు వేమన దానిని తీవ్రంగా నిరసించాడు. అందువల్ల ఇక్కడ నోమును ఆదర్శంగా నిలపడం లేదు. దాని నిర్మాణంలోని ముగింపును మాత్రమే ప్రమాణంగా గ్రహించడమైంది. రోజూ మందు వేసుకోవడానికి పాయింట్లు తోడ్పడితే వాటిని ఎందుకు విరమించాలన్నది రెండవది. ఔషధం గుణమివ్వడానికి రోగి ఉద్దేశంతో పని లేదు. అటువంటిచోట క్రీడీకరణ కళ్లజోడు వంటి సాధనం; జీవితాంతం ఉన్నా దోషం లేదు. విద్య, రచన, దానం, స్నేహం వంటివి ఉద్దేశాన్ని బట్టి స్వరూపం మార్చుకునేవి. విరమణ అవసరమయ్యేది వీటికే.

ముగింపు

క్రీడీకరణను సర్వథా నిరాకరించనక్కరలేదు. స్లాబు గట్టిపడేవరకు సెంట్రింగ్ చెక్కలు ఉండవలసిందే. వాటిని ఎప్పుడు తీయాలో కట్టేవారికి ముందే తెలిసి ఉండాలి. ఆట నియమాలతో అలవాటును నిర్మించుకొనే వ్యక్తి ఆ నియమాలకు ఒక గడువును తానే నిర్ణయించుకొని, ఆ గడువు తీరిన తరువాత మిగిలినదాన్ని బట్టి సాధనను అంచనా వేసుకోవడం ఉచితం. వరుస తెగిన మరునాడు కూడా పుస్తకం తెరిచే చేయి ఉంటే ఆ అలవాటు సాధకునిదే. అలా లేనప్పుడు అన్ని రోజులూ పెరిగినది లెక్క మాత్రమేనని గ్రహించవలసి ఉంటుంది.