పిల్లలకోడి చుక్కలు

గడచిన డిసెంబరులో ఒక రాత్రి కల్లూరు సంఘపు పసిపిల్లలను దేవాలయపు ముంగిట కూర్చుండబెట్టితిమి. తలకొక మోదుగాకు ఇచ్చి, తుమ్మముల్లుతో పిల్లలకోడి చుక్కలవలె బెజ్జములు పొడిపించి, ఆకును లాంతరు ముందు పట్టించితిమి. చుక్కలు మెరయగా పిల్లలు చప్పట్లు కొట్టిరి. పిమ్మట లాంతరు తగ్గించి, ఆకాశమందు ఆ గుంపునే చూపితిమి. కొందరు ఆరు, కొందరు ఏడు లెక్కించిరి.

అప్పుడు తండ్రి లేని ఒక చిన్నది, "మా నాయన ఇందులో ఏ చుక్క?" అని అడిగెను. చనిపోయినవారు చుక్కలగుదురని ఇంటిలో ఎవరో చెప్పిరట. మాకు నోట మాట రాలేదు. ఔనన్న అబద్ధము, ఊరక కాదన్న పసిమనస్సు విరుగును.

147వ కీర్తన మాకు తోడ్పడెను. అందు 4వ వచనము నక్షత్రముల లెక్కయు పేర్లును ఎరిగిన దేవుని గూర్చి చెప్పును. దానికి ముందటి 3వ వచనము, నలిగిన హృదయములకు కట్టు కట్టువాడును ఆయనే యని తెల్పును. 1610లో గెలీలియో దుర్భిణితో ఈ గుంపునే చూచి 36 చుక్కలు గీచెను. మన కన్ను ఏడింటితో ఆగును. దేవుని లెక్క ఆగదు.

"అమ్మా, మీ నాయన చుక్క కాలేదు. చుక్కల పేర్లెరిగిన దేవుడు మీ నాయన పేరు మరువలేదు, నీ పేరును మరువడు" అని చెప్పితిమి. ఆ చిన్నది తన ఆకును భద్రముగా ఇంటికి తీసికొనిపోయెను.

తల్లిదండ్రులారా, బిడ్డల దుఃఖమునకు కట్టుకథ చెప్పకుడి. ఆరుబయట వారి ప్రక్కన కూర్చుండి, సత్యమే ప్రేమతో చెప్పుడి.