బంతి విసిరే చేయి

హుకుంపేట

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. మనబడిలో తెలుగు చదువు బాగానే సాగుతున్నట్టుంది. ఒత్తులు ఒకటి రెండు జారాయి గాని చెప్పదలచుకున్నది ఎక్కడా జారలేదు. తమ్ముడి పుట్టినరోజుకి బంతులు విసిరే బొమ్మ మిషన్ కొన్నారనీ, ఇక సాయంత్రాలు పెరట్లో వాడికి బంతులు వేసే పని నీకు తప్పిందనీ రాశావు. చివర్లో "మంచిదే కదా తాతయ్యా?" అని అడిగావు. అంత మంచిదైతే నన్నెందుకు అడుగుతావు? నీకే ఎక్కడో కాస్త అనుమానం ఉందన్నమాట.

మంచిదే. ముందు ఆ మాట చెప్పేస్తాను. ఆరేళ్ల పిల్లాడికి కన్నూ చెయ్యీ కుదరాలంటే బంతి ఒకే ఎత్తులో, ఒకే వేగంతో మళ్లీ మళ్లీ రావాలి. నువ్వు వేస్తే ఒకటి మోకాలి దగ్గరికి, ఇంకోటి నెత్తి మీదికి. మిషన్ అయితే బ్యాటరీలు ఉన్నంతసేపూ కొద్ది క్షణాలకోసారి బోలు ప్లాస్టిక్ బంతిని ఒకేలా పైకి లేపుతుంది. తగిలినా దెబ్బ ఉండదు. పైగా మిషన్ చేయి అరగదు, మనిషి చేయి అరుగుతుంది. అందుకే మీ అమెరికాలో పిల్లల బేస్‌బాల్ ఆడించే లిటిల్ లీగ్‌లో 2007 నుంచి పిల్లలు రోజుకి ఎన్ని బంతులు విసరవచ్చో హద్దు పెట్టారు. ఏడెనిమిదేళ్ల వాళ్లకి 50, పదకొండు పన్నెండేళ్ల వాళ్లకి 85. మీ టెక్సాస్ రేంజర్స్ జట్టులో కుమార్ రాకర్ ఉన్నాడు కదా, తల్లి వైపు మన దేశపు మూలాలున్న కుర్రాడు. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున ఒకే మ్యాచ్‌లో 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అవతలివాళ్లకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అంతటివాడు 2023లో మోచేతికి ఆపరేషన్ చేయించుకుని, మరుసటేడు సెప్టెంబరులో గాని మేజర్ లీగ్‌లో అడుగు పెట్టలేకపోయాడు. ఊరికే విసరడమే కదా అనుకోకూడదు.

ఈ మిషన్ల ఊహ పాతదే. 1897లో ప్రిన్స్‌టన్‌లో లెక్కలు చెప్పే చార్లెస్ హింటన్, తుపాకీ మందుతో బేస్‌బాల్ విసిరే యంత్రం ఒకటి తయారు చేశాడు. నాలుగో పరిమాణం గురించి పుస్తకాలు రాసిన మనిషి. ఆయన బుర్రకి బంతి ఒక లెక్కా! వేగం మార్చుకోవచ్చు, బంతిని వంపు తిప్పవచ్చు. కాకపోతే కుర్రాళ్లకి దెబ్బలు తగిలాయంటారు. తర్వాత చక్రాల మిషన్లు వచ్చాయి. తిరుగుతున్న రెండు చక్రాల మధ్య నలిగి బంతి దూసుకొస్తుంది, ఒక చక్రం వేగం మారిస్తే బంతి వంకర పోతుంది. ఇన్నాళ్లూ ఇన్ని చేశాక ఇప్పుడు మేజర్ లీగ్ జట్లు ఏం వాడుతున్నాయో చూడు. ట్రాజెక్ట్ అని ఒక యంత్రం. బంతి వదిలే ముందు తెర మీద పిచర్ నిలువెత్తు వీడియో వేస్తుంది. వాడి చేయి వెనక్కి వెళ్లి ముందుకొచ్చే సమయానికి సరిగ్గా తెరలోంచి అసలు బంతి వస్తుంది. గంటకి 95 మైళ్ల బంతి బ్యాటర్‌ని చేరడానికి అర సెకను కూడా పట్టదు. బంతిని చూసి ఆలోచించే వ్యవధి ఎక్కడిది? భుజాన్నీ మణికట్టునీ చూసి ముందే పోల్చుకోవాలి. చేయి లేకుండా యంత్రం చేసుకుని, మళ్లీ దానికి మనిషి బొమ్మ తగిలించుకున్నారు!

సరే, తమ్ముడు మేజర్ లీగ్‌కి వెళ్తాడా లేదా అన్నది నాకు పట్టదు. నాకు పట్టింది వంతు సంగతి.

ఇక్కడ వరి కోతలయ్యాక కొండవాలు మడుల్లో పిల్లలు క్రికెట్ ఆడతారు. పదిమందికీ బ్యాటు ఒకటే. గట్టిగా కొడితే బంతి మడి మీంచి మడిలోకి దొర్లి గెడ్డ దాకా పోతుంది. కొట్టినవాడే దిగి తేవాలని కొందరు, అందరిలోకీ చిన్నవాడు తేవాలని కొందరు. దాని మీద రోజూ తగువే. ఎవరికైనా బ్యాటు చేతికి రావాలంటే ముందు చాలాసేపు బంతి వెయ్యాలి, లేదా ఎండలో నిలబడాలి. ఔటయ్యాక కూడా బ్యాటు వదలని ఘటం ఒకడుంటాడు. మర్నాడు వాడికి బంతి వేసేవాడు దొరకడు. ఆ సంగతి వాడికి ఏ మాస్టారూ చెప్పక్కర్లేదు. మన బిళ్ళంగోడులో బిళ్ళని ఆడేవాడే లేపుకుని కొట్టుకుంటాడు. విసిరేవాడి అవసరమే లేదు. అయినా అవతల పట్టుకోవడానికి ఎవరో ఒకరు నిలబడకపోతే అది ఆట కాదు.

మీ మిషన్‌కి తన వంతు అక్కర్లేదు. వాడు ఎన్ని కొట్టినా "ఇక నాకియ్యి" అనదు. ఎంత తీసుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాకీ ఉండదు. తమ్ముడు దాని దగ్గర కొట్టడం నేర్చుకుంటాడు, బాగానే నేర్చుకుంటాడు. కొట్టినందుకు ఇంకొకరికి ఎంతసేపు బంతి వెయ్యాలో మాత్రం అది నేర్పదు.

సాధనలో బంతులు విసిరేవాళ్ల పేర్లు స్కోరుబోర్డు మీద రావు. మన భారత జట్టుకి నెట్స్‌లో బంతులు విసిరే రాఘవేంద్ర ఉన్నాడు. రఘు అంటారు, కర్ణాటక మనిషి. గరిటెలాంటి సైడార్మ్ పట్టుకుని బ్యాటర్ల మీదికి బంతులు సంధిస్తూ ఉంటాడు. 2013 నుంచి వేగపు బంతులు ఆడడంలో మన జట్టు ఆట మెరుగుపడిందంటే అది రఘు చలవేనని కోహ్లీ బాహాటంగా చెప్పాడు. బ్యాటర్ పాదాల కదలిక, బ్యాటు కదలిక రఘుకి బాగా తెలుసని కూడా అన్నాడు. బౌలింగ్ మిషన్లు కొనలేక కాదు కదా, అంత డబ్బున్న క్రికెట్ బోర్డు ఆయన్ని పెట్టుకున్నది.

ఇంకో సంగతి, ఇది మన దగ్గరిదే. 2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల మొదటి టీ20 ప్రపంచ కప్పు ఫైనల్లో మన జట్టు నేపాల్‌ని 7 వికెట్ల తేడాతో ఓడించింది. ఆ జట్టులో పాడేరు కొండల అమ్మాయి పాంగి కరుణకుమారి ఉంది. ఆ ఆటలో బంతి గట్టి ప్లాస్టిక్‌ది, లోపల చిన్న గుళ్లుంటాయి, గలగలమంటుంది. చేయి కిందనుంచి వెయ్యాలి. వేసేముందు బౌలర్ "రెడీ?" అని అడగాలి. బ్యాటర్ "యస్" అనాలి. అప్పుడు "ప్లే" అని అరిచి బంతి వదలాలి. అడగకుండా వేస్తే కుదరదు, జవాబు రాకుండా వేసినా కుదరదు. చూపున్న వాళ్ల ఆటలో కూడా ఈ రూలు పెడితే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది. నీ తమ్ముడు షూ లేసు కట్టుకుంటున్నా, ఏడుస్తున్నా, పక్షిని చూస్తున్నా మిషన్ తన టైముకి తాను బంతి వదిలేస్తుంది.

అందుకని మిషన్ తీసేయమనను. నీకు హోంవర్కుంది, స్నేహితులున్నారు. రోజూ వాడికి బంతులు వెయ్యమని కూడా అనను. విసుక్కుంటూ వేసే అక్క బంతి కంటే మిషన్ బంతే నయం. వారంలో కొన్ని సాయంత్రాలు, నీకు మనసున్న రోజున, మిషన్ ఆపి నువ్వు వెయ్యి. "రెడీయా?" అని అడిగి వెయ్యి. వాడు పూర్తిగా అలిసిపోకముందే బ్యాటు నువ్వు తీసుకో. ఇక్కడే పేచీ వస్తుంది. వాడు కాళ్లు నేలకేసి కొడతాడు, మీ అమ్మ కిటికీలోంచి "చిన్నవాడు, ఇచ్చెయ్యమ్మా" అంటుంది. ఇవ్వకు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. వాడి బంతి నీ దాకా రాకుండా మధ్యలోనే పడినా సరే, నీ వంతు అయ్యేదాకా వాడు వెయ్యాల్సిందే. చెల్లాచెదురైన బంతులు నువ్వే ఏరుతున్నానని కూడా రాశావు. అది ఈ రోజే మానెయ్యి. ఎవరు కొట్టినవి వాళ్లే ఏరాలి, మిషన్‌తో ఆడినప్పుడైనా సరే.

రాజ్మా, మిరియాలు, కాసిన్ని కాఫీ గింజలు ఊరికి వచ్చిన మీ బాబాయితో పంపిస్తున్నాను. కాఫీ మీ నాన్నకి, నీకు కాదు.

మళ్లీ రాసేటప్పుడు వాడు నీకు ఎలా విసురుతున్నాడో రాయి. భుజం మీంచా, కిందనుంచా? కుడి చేత్తోనా, ఎడమ చేత్తోనా? నువ్వు ఎన్ని కొట్టావో కూడా రాయి.

మీ తాతయ్య