పన్నెండు మెట్లలో దేవుడు

తాగుడు మానాలనుకునేవారి సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ మత సంస్థా, కాదా అన్న వివాదం దాని పుట్టుకతోనే మొదలైంది. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ దీనికి పునాది వేశారు. ఇద్దరూ తాగుడుకు బానిసలై నలిగినవారే. ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలో తిరిగినవారే. చేసిన తప్పులు మరొకరి ముందు ఒప్పుకోవడం, వాటివల్ల నష్టపోయినవారికి ఆ నష్టాన్ని పూడ్చడం అక్కడి నుంచి వచ్చిన పద్ధతులు.

1939లో వెలువడిన ఈ సంఘం పుస్తకంలో తాగుడు మానడానికి పన్నెండు మెట్లు రాసేటప్పుడు దేవుడి ప్రస్తావన మీద గొడవ జరిగింది. నమ్మకం లేని సభ్యులు పట్టుబట్టడంతో, దేవుణ్ణి ఎవరికి అర్థమైనట్టు వారు భావించుకోవచ్చన్న వెసులుబాటు చేరింది. తమను మించిన శక్తి అంటే తోటి సభ్యుల బృందమే అనుకున్నా అభ్యంతరం లేదు. పూజారులు లేరు, చందా తప్పనిసరి కాదు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. అందుకే తమది ఆధ్యాత్మికత మాత్రమే, మతం కాదని సభ్యులు అంటారు.

ఈ జవాబు సగమే నిలుస్తుంది. లోపాలు తొలగించమని ఏడో మెట్టులో వేడుకునేది దేవుణ్ణే. పదకొండో మెట్టు ప్రార్థననూ ధ్యానాన్నీ విధిస్తుంది. అమెరికాలో చాలా సమావేశాలు క్రైస్తవుల పరలోక ప్రార్థనతోనే ముగుస్తూ వచ్చాయి. ఇష్టదైవాన్ని ఎంచుకోవడం అలవాటైన హిందువుకు ఈ వెసులుబాటు సహజంగా తోచవచ్చు. సృష్టికర్తను నమ్మని బౌద్ధుడికి, నాస్తికుడికి మాత్రం పేరు మార్చినా అది దేవుడే.

ఇష్టంతో వెళ్లేవారికి ఈ దేవుడి ప్రస్తావన వల్ల చిక్కేమీ లేదు. మానలేక అలసిన మనిషికి రాత్రివేళ ఫోన్ ఎత్తే తోటివాడు దొరకడం చిన్న సంగతి కాదు. వైద్య పరిశోధనలను మదింపు చేసే కోక్రేన్ సంస్థ 2020లో జరిపిన సమీక్షలో, మద్యానికి పూర్తిగా దూరంగా ఉంచడంలో ఈ మార్గం ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నిటికన్నా మెరుగని తేలింది. చిక్కంతా బలవంతంలో ఉంది. ఖైదీలను ఇలాంటి సమావేశాలకు తప్పనిసరిగా పంపడం రాజ్యాంగ విరుద్ధమని 1996లో అమెరికా కోర్టులు తీర్పులిచ్చాయి. 2007లో ఒక బౌద్ధుడి కేసులో, అలా బలవంతం చేసిన పెరోల్ అధికారి వ్యక్తిగతంగా బాధ్యుడు కావచ్చని ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చింది.

ఫలితం బాగుందన్నంత మాత్రాన అందులోని మతాంశం లేకుండా పోదు. వ్యసనపరులను పంపించే కోర్టులు, జైళ్లు, ఆస్పత్రులు దేవుడి ప్రస్తావన లేని దారినీ వారి ముందు ఉంచాలి. అలాంటి దారి ఉంది: స్మార్ట్ రికవరీ 1994 నుంచి ఆ పేరుతో పనిచేస్తోంది.