పిల్లలతో ఆడి కావాలని ఓడిపోవచ్చా?



వేసవి సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళలో అటక మీది చదరంగం పెట్టె కిందికి దిగుతుంది. పదేళ్ళ పిల్లవాడు తండ్రితో ఆటకు కూర్చుంటాడు. వరుసగా మూడు ఆటలు ఓడిపోతాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. నాలుగో ఆటలో తండ్రి తన మంత్రిని పిల్లవాడి గుర్రానికి అందేలా పెట్టి, "అరెరె, చూసుకోలేదే!" అంటాడు. పిల్లవాడు గెలుస్తాడు. వంటింట్లోంచి నాయనమ్మ "మంచి పని చేశావు బిడ్డా" అని కొడుకును మెచ్చుకుంటుంది.

ఆ తండ్రి చేసింది మంచి పనేనా? ప్రేమతో చేశాడు, సందేహం లేదు. కాని "చూసుకోలేదే" అన్న మాట నిజం కాదు. ప్రేమ కోసం నిజాన్ని కాస్త పక్కన పెట్టవచ్చా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. తల్లిదండ్రులుగా మనం రోజూ ఎదుర్కొనే పెద్ద ప్రశ్న అందులోనే ఉంది. బలవంతుడు బలహీనుడి పట్ల దయ చూపే తీరు ఎలా ఉండాలి? దీనికి జవాబును ఆటల్లోనే వెతుకుదాం. ఎందుకంటే ఆటలను తయారుచేసినవారు వందల ఏళ్ళుగా ఈ చిక్కుతోనే కుస్తీ పట్టారు.

హసన్‌పర్తి వాళ్ళకు చదరంగం పరాయి ఆట కాదు. మన పక్కనే వరంగల్‌లో 2003లో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2018లో, పదిహేనేళ్ళు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగు దాటి, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ మెట్టెక్కిన రెండో భారతీయుడయ్యాడు. ఆ వార్త చదివి చదరంగం బల్ల కొన్న తల్లిదండ్రులు మన విచారణల్లోనూ ఉండే ఉంటారు. కాబట్టి ఈ ఆట గురించి మాట్లాడుకోవడం సమంజసమే.

ముందుగా ఒక సంగతి గమనించాలి. ఆట అంటే ఇద్దరి మధ్య ఒప్పందం. బల్ల మీద ఉన్నవి చెక్కముక్కలు మాత్రమే. గుర్రం ఇలా దూకాలి, ఏనుగు నిలువుగా, అడ్డంగా పోవాలి అని ఇద్దరూ ఒప్పుకుంటేనే అవి గుర్రమూ ఏనుగూ అవుతాయి. ఆ ఒప్పందం అన్ని చోట్లా ఒకటే కాదు కూడా. మన దేశవాళీ చదరంగంలో బంటు మొదటి ఎత్తులో సైతం ఒక్క గడే కదిలేది. రాజుకు ఆట మొత్తంలో ఒకసారి గుర్రంలా దూకే అవకాశం ఉండేది. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఈ దేశవాళీ ఆటలో ఆరితేరినవాడు. ఇంగ్లండు వెళ్ళాక అక్కడి నియమాలతో ఆడి 1929, 1932, 1933 సంవత్సరాల్లో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. ఆయన "మా దేశంలో ఇలా కాదు" అని ఆట మధ్యలో వాదించలేదు. ముందే నేర్చుకుని, ఒప్పుకుని, తర్వాత కూర్చున్నాడు. నియమాలు వేరు కావచ్చు. అవి ఏమిటో కూర్చోకముందే ఇద్దరికీ తెలియాలి.

నియమం అందరికీ ఒకటే అంటే బలం కూడా అందరికీ ఒకటే ఉండాలా? అక్కరలేదు. మన పులిమేక ఆట చూడండి. పాత గుళ్ళ మండపాల్లో రాతిబండల మీద ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. మామూలుగా ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపగలదు. మేకకు చంపే శక్తి లేదు. కాని మేకలన్నీ కలిసికట్టుగా నిలబడితే పులులకు అడుగు కదిపే చోటుండదు, మేకలు గెలుస్తాయి. ఈ ఆటను కల్పించిన పల్లెజనం ఎంత తెలివైనవారు! బలహీనుడికి సంఖ్య ఇచ్చారు, ఐకమత్యం ఇచ్చారు. పులిని మేకలా నటించమని మాత్రం అడగలేదు. పులి పులిలాగే ఆడుతుంది. మేకల పట్ల దయ ఆట నిర్మాణంలోనే ఉంది.

చదరంగం కూడా ఇలాగే మార్పులు చెందుతూ వచ్చింది. మొదట్లో మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. 15వ శతాబ్దం చివర స్పెయిన్ ప్రాంతంలో దానికి ఇప్పటి బలం వచ్చింది. అక్కడ ఆ పావును రాణి అంటారు. ఆ తర్వాతి తరంలో, 1515లో పుట్టిన ఆవిలాపురి పునీత తెరేజమ్మ తన మఠవాసినులకు ప్రార్థన గురించి రాస్తూ ఈ ఆటనే ఉపమానంగా తీసుకున్నారు. ఆటలో రాజును కట్టడి చేసేది రాణి, దేవుణ్ణి మనకు వశం చేసేది వినయం అన్నది ఆ పోలిక. 1944లో ఆమెను స్పెయిన్‌లో చదరంగ క్రీడాకారుల పాలక పునీతగా ప్రకటించారు.

ఆ మార్పుల్లోనే మరొకటి ఉంది. ఆట త్వరగా సాగాలని బంటుకు మొదటి ఎత్తులో రెండు గడులు కదిలే వరం ఇచ్చారు. కాని దాంతో ఒక అన్యాయం వచ్చిపడింది. ఎదుటి బంటు కాపలా కాస్తున్న గడిని ఈ బంటు ఒక్క దూకుతో దాటేసి తప్పించుకోగలుగుతోంది. అందుకని మరో నియమం పెట్టారు. అలా దాటిన బంటును, ఒక్క గడే కదిలినట్టు భావించి, వెంటనే వచ్చే ఎత్తులో ఎదుటి బంటు పట్టుకోవచ్చు. దీని వెనుక ఉన్న నీతిని గమనించారా? ఒకరికి మేలు చేసేటప్పుడు దాని బరువు ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి, ఆ నష్టాన్నీ పూడ్చాలి.

ఇక నియమాలకు బయట లాభం వెతికేవారు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. 1561లో చదరంగం మీద పేరుపొందిన గ్రంథం రాసిన రూయ్ లోపెజ్ స్పెయిన్ దేశపు కతోలిక గురువు. ఎదుటివాడి కళ్ళల్లో ఎండ పడేలా బల్ల వేసుకోమన్న సలహా కూడా ఆయన పుస్తకంలో ఉంది! గురువుగారి సలహాకు నవ్వుకుందాం, పాటించవద్దు. ఎండ ఇద్దరూ ఒప్పుకున్న నియమాల్లో లేదు. మంత్రిని "పొరపాటున" వదిలేసిన తండ్రి చేసింది కూడా, ఉద్దేశం మంచిదైనా, ఈ కోవలోకే వస్తుంది. ఎదుటివాడికి తెలియకుండా ఆటను ఒక పక్కకు వంచడమే అది.

మరి ఆ పిల్లవాడు ఎప్పుడూ ఓడిపోతూ ఏడవాల్సిందేనా? కాదు. దీనికి చదరంగంలోనే పాత మందు ఒకటి ఉంది. బలమైన ఆటగాడు ఆట మొదలవకముందే తన పావుల్లో ఒకదాన్ని తీసి పక్కన పెడతాడు. 19వ శతాబ్దంలో అమెరికాకు చెందిన పాల్ మోర్ఫీ తనకన్నా తక్కువ వారితో ఒక గుర్రం తీసేసి ఆడేవాడు. జపాన్‌లో 'గో' ఆటలో బలహీనుడు మొదటే కొన్ని రాళ్ళు బల్ల మీద పెట్టుకుంటాడు. అందులో ఎవరికీ నామోషీ లేదు. ఆ తర్వాత ఇద్దరూ పూర్తి బలంతో ఆడతారు.

ఈ రెండు దయలకూ ఉన్న తేడా చూడండి. తండ్రి మంత్రిని ముందే తీసి పక్కన పెట్టి, "నేను మంత్రి లేకుండా ఆడతాను, నువ్వు నన్ను ఓడించు చూద్దాం" అంటే, పిల్లవాడు గెలిచిన గెలుపు అక్షరాలా వాడిదే. తన బలమెంతో వాడికి తెలుస్తుంది. దొంగచాటుగా ఇచ్చిన గెలుపులో ఆ నిజం ఉండదు. ఏదో ఒక రోజు పిల్లవాడు ఆ సంగతి పసిగడతాడు. అప్పుడు నిన్నటి గెలుపులన్నీ చేదవుతాయి. నాన్న "బాగా ఆడావురా" అంటే నిజంగా అంటున్నాడా అన్న అనుమానం మొదలవుతుంది.

బహిరంగంగా ఇచ్చిన సాయానికి మరో గుణం ఉంది. దాన్ని తగ్గించుకుంటూ రావచ్చు. ఈ నెల మంత్రి, వచ్చే నెల ఏనుగు, ఆ తర్వాత గుర్రం. ఒక సాయంత్రం పిల్లవాడే "నాన్నా, ఈసారి ఏదీ తీయకు" అంటాడు. ఆ మాట వినడం కంటే తండ్రికి కావలసిందేముంది? దాచిపెట్టిన సాయానికి ఇలాంటి రోజు ఎన్నటికీ రాదు.

మూడు నాలుగేళ్ళ పసివాళ్ళ సంగతి వేరు. వాళ్ళతో ఆడేది చదరంగం కాదు, పావులతో సరదా. నియమాలు తెలిసి, గెలుపోటములు లెక్కపెట్టే వయసు వచ్చిందంటే మాత్రం వాళ్ళు మన నుండి నిజం ఆశించే హక్కు సంపాదించుకున్నట్టే.

ఇప్పుడు బల్ల దగ్గరనుండి లేచి ఇంట్లోకి చూద్దాం. ఎందుకంటే మనం నియమాలను ఆటలో కన్నా ఇంట్లోనే ఎక్కువగా వంచుతాం. "తొంభై మార్కులు తెస్తే సైకిల్ కొంటాను" అన్న తండ్రి, పిల్లవాడు తొంభై తెచ్చాక "ఫస్టు రాలేదుగా" అంటాడు. ఆట మధ్యలో బల్ల మార్చేయడం కాదా ఇది? ఆ పిల్లవాడు నేర్చుకునేది ఒకటే: పెద్దవాళ్ళ మాట వాళ్ళకు వీలైనంతవరకే.

ఆడపిల్లల విషయం ఇంకా ఆలోచించదగ్గది. అన్నాచెల్లెళ్ళు చదరంగం ఆడుతుంటే, బంధువులు రాగానే మంచినీళ్ళు తెమ్మని లేపేది ఎవరిని? ఆమె తిరిగి వచ్చేసరికి అన్న తీరిగ్గా నాలుగు ఎత్తులు ముందుకు ఆలోచించి ఉంటాడు. ఆమె పావుల్లో ఒకదాన్ని మనం మౌనంగా తీసేసినట్టే. గుడివాడలో పెరిగిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచింది. చదరంగం బల్ల ఎన్నడూ ఆమెను "నువ్వు ఆడపిల్లవా?" అని అడగలేదు. మన ఇల్లు ఆ బల్లకన్నా తక్కువ న్యాయంగా ఉండవచ్చా?

అలాగే నియమాలను మార్చడమే తప్పని కూడా అనుకోవద్దు. ఆటను బతికించడానికి ఒక్కోసారి మార్చవలసే వస్తుంది. పేరుమోసిన ఆటగాళ్ళు మొదటి ఎత్తులను బట్టీపట్టి వస్తున్నారని బాబీ ఫిషర్ 1996లో ఒక కొత్త పద్ధతి ప్రకటించాడు. వెనుక వరుసలోని పావులను కొన్ని హద్దులకు లోబడి తారుమారుగా అమర్చుతారు. అలా 960 రకాల అమరికలు ఉన్నాయి. ఆటకు ముందు ఏది వస్తే అది, ఇద్దరికీ ఒకే అమరిక. బట్టీ పనిచేయదు, ఆలోచన పనిచేస్తుంది. 2025 జూలైలో లాస్ వేగాస్‌లో ఈ పద్ధతిలో జరిగిన పెద్ద టోర్నీలో మన అర్జున్ సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. ఈ మార్పును ఎందుకు అంగీకరించగలిగారు? ఆటకు ముందే చెప్పారు, ఇద్దరికీ ఒకేలా వర్తింపజేశారు, ఆట మేలు కోసం చేశారు.

ఇంట్లో గాని, బడిలో గాని, విచారణ బైబిలు క్విజ్‌లో గాని ఒక నియమాన్ని సడలించాలనిపించినప్పుడు ఈ మూడు గుర్తులూ చూసుకోండి. ముందే చెప్పామా? అందరికీ తెలుసా? ఎవరి మీద అదనపు బరువు పడుతోందో చూశామా? క్విజ్‌లో చిన్న తరగతి పిల్లలకు వేరే ప్రశ్నలుంటాయని ముందే ప్రకటిస్తే అది దయ, న్యాయం కూడా. జాలిపడి ఒక్క పిల్లకు చెవిలో జవాబు ఊదితే, మిగతావారికి అన్యాయం చేసినట్టే. ఆ పిల్లకు కూడా.

ఈ ఆదివారం పూజ నుండి ఇంటికొచ్చాక, భోజనాలయ్యాక పిల్లలతో ఆటకు కూర్చోండి. పావులు అమర్చేముందు వాళ్ళనే అడగండి: "నేను ఏది తీసేయాలి?" వాళ్ళు చెప్పింది తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాత మీకు చేతనైనంత బాగా ఆడండి.