మగ్గం దిగినవాడి స్వధర్మం

1922 మార్చి 11న అహ్మదాబాదులో మేజిస్ట్రేటు ముందుకు తెచ్చిన ముద్దాయిని వృత్తి ఏమిటని అడిగారు. ఆ ముద్దాయి లండన్‌లో బారిస్టరు చదివారు. దక్షిణాఫ్రికాలో సొంత ప్రాక్టీసు పెట్టి ఏళ్ళ తరబడి మంచి రాబడి చూశారు. అయినా గాంధీజీ ఆ రోజు తనను న్యాయవాదిగా చెప్పుకోలేదు. సేద్యం, నేత తన వృత్తులన్నారు. అప్పటికి ఆయనకు 52 ఏళ్ళు. ఆ నవంబరులోనే లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ తన బారిస్టర్ల జాబితా నుంచి ఆయన పేరు కొట్టేసింది.

అంతకు ముందటేడు మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులు వకీలు పనికి స్వస్తి చెప్పారు. రాజమండ్రిలో ప్లీడరుగా మొదలై, లండన్ వెళ్ళి బారిస్టరై వచ్చి, 1907 నుంచి మద్రాసులో పేరూ డబ్బూ గడించిన మనిషి ఆయన. 49వ ఏట అదంతా పక్కనపెట్టి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. లాయరుగా కూడబెట్టింది చాలావరకు ఆ పత్రికకే పోయింది. తర్వాత మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. పోయిన ఆస్తి మాత్రం మళ్ళీ సమకూరలేదు.

ఈ ఇద్దరూ స్వధర్మం తప్పారని ఎవరూ అనరు. దేశం కోసం మారారు కాబట్టి ఆ మార్పుకు మనం దండం పెడతాం. మరి మంగళగిరిలోనో సిరిసిల్లలోనో పాతికేళ్ళు మగ్గం మీద బతికిన మనిషి 48వ ఏట మగ్గం అమ్మేసి అపార్ట్‌మెంటు దగ్గర కాపలాకు కుదిరితే? తాత పెట్టిన కిరాణా కొట్టు మూసేసి ఇంకొకరి గోదాములో లెక్కలు రాయడానికి వెళ్తే? ‘సొంత పని వదిలి ఒకరి కింద చేరతావా’ అన్న ప్రశ్న ఇంట్లోంచే వస్తుంది. అందులో సగం డబ్బు గురించిన భయం. మిగతా సగం ధర్మం గురించిన బెంగ: చేతికి అబ్బిన పని, పెద్దలిచ్చిన పని, దేవుడిచ్చిన పని వదలొచ్చా?

ఇది ఏ కొద్దిమంది సంగతో కాదు. కేంద్ర ప్రభుత్వం ఏటా చేసే శ్రామికశక్తి సర్వే లెక్కలో 2023-24 నాటికి దేశంలో పనిచేస్తున్నవాళ్ళలో 58.4 శాతం స్వయం ఉపాధిలోనే ఉన్నారు. రైతులూ, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చెయ్యి వేసేవాళ్ళూ అందులోకే వస్తారు. చేనేత గణనలు చూస్తే మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. 1995-96లో నేతపనివారు, అనుబంధ పనులవారు కలిసి 65.5 లక్షలు. 2009-10లో 43.3 లక్షలు. 2019-20లో 35.2 లక్షలు. పాతికేళ్ళలో 30 లక్షల మంది తగ్గారు. కొందరు వయసుడిగి మానుకున్నారు, కొందరి పిల్లలు అసలు మగ్గం ఎక్కలేదు. మిగిలినవాళ్ళు నడివయసులో, ఇంకా ఒంట్లో సత్తువ ఉండగానే, వేరే పని వెతుక్కున్నవాళ్ళు.

వాళ్ళ ముందుకు ముందుగా వచ్చేది గీతలోని మాటే. లోపాలున్నా తన ధర్మమే తనకు మేలు, ఎంత చక్కగా చేసినా పరధర్మం కీడు అన్న భావం మూడో అధ్యాయంలో ఒకసారి, పద్దెనిమిదో అధ్యాయంలో మరోసారి వస్తుంది. అయితే ఆ మాట ఎవరితో అన్నాడో మరచిపోకూడదు. పూట గడవక దారి మారదామనుకున్నవాడితో కృష్ణుడు మాట్లాడటం లేదు. బంధువులను చూసి గుండె జారి, బిచ్చమెత్తుకునైనా బతుకుతాను గానీ ఈ యుద్ధం చేయనన్న యోధుడితో మాట్లాడుతున్నాడు. అర్జునుడి దుఃఖానికి చెప్పిన సమాధానాన్ని నేతగాడి ఆకలికి తాళంగా వేయడం అన్యాయం.

ఈ మాట పుట్టుక గురించి కాదు, స్వభావం గురించే అని సర్దిచెప్పే పండితులున్నారు. ఆ చదువుకు మూలంలో చోటుంది కూడా. కానీ శతాబ్దాల పాటు ఆ వాక్యాన్ని కులంతో ముడిపెట్టే చదివారన్నది కాదనలేని నిజం. మనుస్మృతి పదో అధ్యాయం ఆపద వచ్చినప్పుడు పై వర్ణాలవారు కింది వర్ణాల వృత్తులు చేసి బతకొచ్చని వెసులుబాటు ఇచ్చింది. అదే అధ్యాయం, కిందివాడు పైవాడి వృత్తితో బతికితే రాజు వాడి సొమ్ము లాక్కుని దేశం నుంచి వెళ్ళగొట్టాలంది. మెట్లు దిగడానికి అనుమతి, ఎక్కితే శిక్ష.

1936లో ‘కుల నిర్మూలన’ రాసినప్పుడు అంబేడ్కర్ పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసేవాళ్ళనే విడగొడుతుందన్నారు. పరిశ్రమల తీరు మారుతున్నప్పుడు మనిషి కూడా పని మార్చుకోగలగాలి, కులం అందుకు అడ్డుపడి నిరుద్యోగాన్ని పెంచుతోందన్నారు. తాతల నాటి వృత్తితోనే పొట్టపోసుకోవాలన్న గాంధీజీ వాదానికి ఆయన ఇచ్చిన జవాబు ఇంకా సూటిగా ఉంటుంది. గాంధీ వంశానిది వర్తకం, పెద్దలు దాన్ని వదిలి దివాన్‌గిరీ చేశారు, ఆయన న్యాయవాద వృత్తి ఎంచుకున్నారు, దాన్నీ వదిలారు, వర్తకం జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు అని గుర్తుచేశారు. తనకు దొరికిన స్వేచ్ఛ ఇతరులకు ఎందుకు ఉండకూడదన్న ఆ ప్రశ్నకు ఈనాటికీ గట్టి సమాధానం లేదు.

కాబట్టి వదిలే హక్కు ఉందా లేదా అన్న దగ్గరే ఆగిపోనక్కర్లేదు. హక్కు ఉంది. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది: ఎందుకు వదులుతున్నాడు, ఎలా వదులుతున్నాడు, దేనికి కట్టుబడుతున్నాడు? ఈ మూడింటి మీదా మన కథలకు చెప్పాల్సింది చాలా ఉంది. అందులో ద్రోణుడి కథను మించింది లేదు.

ద్రోణుడు పుట్టుకతో బ్రాహ్మణుడు, నేర్చింది విలువిద్య, ఇంట్లో ఉన్నది దారిద్ర్యం. తోటిపిల్లలు పాలు తాగుతుంటే కొడుకు అశ్వత్థామ ఏడ్చాడు. వాళ్ళు పిండి కలిపిన నీళ్ళిచ్చి పాలంటే, తాగి మురిసిపోయాడు. అది చూసిన తండ్రి పాత స్నేహితుడు ద్రుపదుడి దగ్గరకు వెళ్ళి అవమానపడ్డాడు. చివరకు హస్తినాపురం చేరి కురువంశపు పిల్లలకు గురువయ్యాడు. అంతవరకూ ఎవరి మోచేతి కిందా లేని మనిషి బిడ్డ కోసం రాజాస్థానంలో చేరాడు. ఇందులో తప్పు పట్టడానికి మనసొప్పదు. ఏ తండ్రి అయినా అదే చేస్తాడు.

కానీ కురుక్షేత్రంలో యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు వచ్చి నమస్కరించినప్పుడు, భీష్ముడితో పాటు ద్రోణుడూ తాను కౌరవుల అర్థానికి కట్టుబడిపోయానని ఒప్పుకుంటాడు. న్యాయం అటుందని తెలుసు, ఇటు నిలబడక తప్పదు. ఆ తర్వాత ద్రోణపర్వంలో భీముడు, బ్రాహ్మణుడివై ఉండి స్వకర్మ వదిలి ఇంతమందిని చంపుతున్నావని నిలదీస్తాడు. భీముడి నింద కులధర్మం వైపు నుంచి వచ్చింది. ద్రోణుడి ఒప్పుకోలు అంతకంటే లోతైనది. అతడు చెడింది పని మార్చినందుకు కాదు. మారిన చోట ‘ఇది నేను చేయను’ అనగల శక్తిని జీతానికి తాకట్టు పెట్టినందుకు. పాతికేళ్ళు తన కొట్టుకు తానే యజమానిగా ఉన్నవాడు ఉద్యోగంలోకి వెళ్ళేటప్పుడు భయపడాల్సిన చోటు ఇదే. సరుకు బాగోలేదని గిరాకీకి చెప్పి పంపేసే అలవాటున్న మనిషికి, నెల తిరిగేసరికి లక్ష్యం చేరకపోతే ఏదో ఒకటి అంటగట్టాలన్న ఆజ్ఞ కింద బతకడం చాలా కష్టం.

పని మానకుండానే ధర్మం నిలుపుకున్నవాళ్ళ కథలూ భారతంలోనే ఉన్నాయి. మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు తాను చంపనని, తిననని, ఇతరులు చంపి తెచ్చినది అమ్ముతానని తన దగ్గరకు వచ్చిన కౌశికుడనే బ్రాహ్మణుడికి చెబుతాడు. ఆ పనిలో దోషం లేదని వాదించడు. బౌద్ధం ఇంత మెత్తగా ఊరుకోలేదు. ఉపాసకులు చేయకూడని వ్యాపారాలు ఐదింటిని బుద్ధుడు పేరుపెట్టి చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తుపదార్థాలు, విషం. బుద్ధుడి మాట వింటే ధర్మవ్యాధుడు కొట్టు కట్టేయాలి. భారతం వింటే అదే కొట్టులో కూర్చుని బ్రాహ్మణుడికి బోధ చేయొచ్చు. ఈ రెండింటికీ రాజీ కుదర్చాలని చూడటం కంటే, రెండూ నిజాయితీగా అడిగిన ప్రశ్నలని ఒప్పుకోవడం మేలు. సారా దుకాణం నడిపి నడిపి మనసు విరిగినవాడికి బౌద్ధం దారి చూపుతుంది. వేరే దారి లేక ఉన్న పనిలోనే ఉండిపోయినవాడికి ధర్మవ్యాధుడు తోడుంటాడు.

ఎందుకు వదులుతున్నాడన్న ప్రశ్నకు గీత పద్దెనిమిదో అధ్యాయమే ఒక కొలత ఇచ్చింది, దాన్ని ప్రవచనాల్లో తక్కువగా వింటాం. అక్కడ త్యాగం మూడు రకాలు. మోహంతో, తెలివి తప్పి చేయాల్సిన పని వదిలేయడం తామసం. ఒళ్ళు నొస్తుందని, కష్టమని వదిలేయడం రాజసం. పని చేస్తూనే దాని మీది సంగాన్ని, ఫలం మీది ఆశను వదలడం సాత్త్వికం. దీన్ని నడివయసు మనిషికి అన్వయిస్తే కటువుగా అనిపించవచ్చు. నేతగాడి నడుము నిజంగానే పోతే, గుంటమగ్గంలో కూర్చోవడం డాక్టరే వద్దంటే, దాన్ని రాజసమనాలా? అనకూడదు. గీత మాట్లాడేది చేయగలిగి తప్పుకునేవాడి గురించి. సాత్త్విక త్యాగంలోని సంగతి మాత్రం ప్రతివాడికీ పనికొస్తుంది. చాలామంది కొట్టును ఏళ్ళ తరబడి నష్టానికి నడిపేది ధర్మం కోసం కాదు, బోర్డు మీది పేరు కోసం. ఫోటో స్టూడియోలు, టైపు ఇన్‌స్టిట్యూట్లు, ఎస్‌టీడీ బూత్‌లు కాలం చెల్లిన తర్వాత కూడా అద్దెకు అప్పులు తెచ్చి నడిపినవాళ్ళను మన ఊళ్ళన్నీ చూశాయి. పేరు మీది ఆ మమకారమే గీత వదలమన్న సంగం.

ఇక ఎలా వదలాలన్నది. ఉద్యోగి రాజీనామా ఇస్తాడు, బాధ్యతలు అప్పగిస్తాడు, రిలీవింగ్ ఆర్డరు తీసుకుంటాడు. సొంత పని చేసుకునేవాడిని విడుదల చేసే అధికారి లేడు. వాడి పదవీ విరమణ తేదీ ఎక్కడా రాసి ఉండదు. పైగా వాడి చుట్టూ చేతులు చాలా ఉంటాయి: అరువు ఇచ్చిన హోల్‌సేలరు, నూలుకు అడ్వాన్సిచ్చిన మాస్టర్ వీవరు, వారం వారం మజూరీ అందుకునే కూలీ, చీటీ పాడుకుని ఇంకా కట్టాల్సిన వాయిదాలు. మనుస్మృతి మోక్షం కోసం ఇల్లు విడిచేవాడిని కూడా ముందు మూడు రుణాలూ తీర్చి కదలమంటుంది. దేవుణ్ణి వెతుక్కుంటూ పోయేవాడికే ఆ నియమం ఉన్నప్పుడు, జీతం వెతుక్కుంటూ పోయేవాడికి లేకుండా పోదు. ధర్మవ్యాధుడు కౌశికుడికి చివరకు చెప్పిందీ ఇదే: చదువు కోసం ముసలి తల్లిదండ్రులను వదిలి వచ్చావు, ఇంటికి వెళ్ళి వాళ్ళను చూసుకో అని.

బైబిల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో ఉంది, చాలామంది దాటిపోతారు. గలిలయ సముద్రం ఒడ్డున యేసు పిలిచినప్పుడు యాకోబు, యోహాను దోనె దిగి వెళ్ళిపోయారు. దోనెలో తండ్రి జెబెదయిని కూలివాళ్ళతో పాటు వదిలి వెళ్ళారని మార్కు రాశాడు. అది మనుషుల్ని పెట్టి నడిపే కుటుంబ వ్యాపారం. ముసలితండ్రి వట్టి చేతులతో మిగల్లేదు, పనివాళ్ళున్నారు. యేసు సిలువ మరణం తర్వాత పేతురు తిరిగి చేపలవేటకు పోయాడని యోహాను సువార్త చెబుతుంది. పాత వృత్తిలోకి వెనక్కి నడిచిన ఆ రాత్రిని సువార్త దాచలేదు, దానికి అతన్ని నిందించనూ లేదు. పౌలు గుడారాలు కుట్టే పని మానకుండానే సువార్త ప్రకటించాడు. ఒకే మతంలో, ఒకే తరంలో, మూడు రకాల జీవితాలు.

వెళ్ళేవాడు తీర్చాల్సిన రుణాలను గురించి ఇంత చెప్పుకున్నాక, వాడికి సమాజం తీర్చాల్సిన రుణం గురించి మాట్లాడకపోతే అది ధర్మవిచారమే కాదు. స్వయం ఉపాధిలో ఉన్నవాడికి పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. 2019లో వచ్చిన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ 60 ఏళ్ళ తర్వాత నెలకు 3,000 రూపాయల పింఛను ఇస్తుంది, కానీ 40 ఏళ్ళ లోపే చేరాలి. అదే ఏడాది చిన్న వ్యాపారుల కోసం పెట్టిన పథకానికీ 40 ఏళ్ళే హద్దు. 2015 నాటి అటల్ పెన్షన్ యోజనకూ అంతే. పోనీ ఉద్యోగంలో చేరాడనుకుందాం. ఉద్యోగుల పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి, సభ్యత్వం 58 ఏళ్ళు నిండగానే ముగుస్తుంది. 49 నిండాక తొలిసారి జీతానికి చేరిన మనిషికి తొమ్మిదేళ్ళే దొరుకుతాయి, నెల పింఛను రాదు. తెలుగు రాష్ట్రాలు నేతన్నలకు 50 ఏళ్ళకే పింఛను ఇస్తున్నాయి. మంచి పనే. అది నేత మీద బతికేవాళ్ళ కోసం పెట్టినది. మగ్గం దిగి వేరే పనికి పోయినవాడు ఆ లెక్కలోకి రాడు.

గీత మీద ప్రవచనాలు చెప్పేవాళ్ళు స్వధర్మం మాట ఎత్తినప్పుడు ద్రోణుడి ఇంట్లో పాలు లేని రోజును కూడా చెప్పాలి. చట్టాలు చేసేవాళ్ళు పింఛను పథకాల్లో 40 ఏళ్ళ దగ్గర గీసిన గీతను కనీసం 50కి జరపాలి. ఆలస్యంగా చేరినవాడు ఎక్కువ వాయిదా కట్టడానికి సిద్ధంగానే ఉంటాడు. ఇన్నేళ్ళూ ఎవరి సాయం అడక్కుండా బతికిన మనిషి అతడు.