పిలిస్తేనే పలికేవాడు

మొన్న రేణిగుంట జంక్షన్‌లో రైలు దిగగానే "ఆటో కావాలా సార్?" అంటూ నలుగురు చుట్టుముట్టారు. "నా బాట్ ఇట్లా కాదు మామా, మహా మర్యాద!" అన్నాడు నాకోసం వచ్చిన మా మేనల్లుడు. రైళ్ళ వేళలు చెప్పడానికి టెలిగ్రాంలో వాడు తయారుచేసిన ప్రోగ్రాము అది. మనం ముందు పలకరిస్తే గానీ పలకదట. గుంపులో ఉన్నా, మామూలుగా తనతో అన్న మాటలే దానికి వినబడతాయట.

"ముందుగా పలకరించేటట్టు చెయ్యలేవా?"

"టెలిగ్రాంవాళ్ళు ఒప్పరు."

"గుంపులో అందరి మాటలూ వినేటట్టు?"

"అది నా చేతిలోదే."

అంటే మొదటిది గోడ, రెండోది గడియ అన్నమాట. గోడ దాటలేక దొంగతనం మానినవాణ్ణి మంచివాడంటామా? వద్దనగానే నవ్వి తప్పుకున్న ఆటో అబ్బాయిదే మర్యాద.

2025 జనవరిలో మన రాష్ట్రంలో వాట్సాప్ మీద ‘మన మిత్ర’ వచ్చింది మొదలు, బిల్లులకూ సర్టిఫికెట్లకూ బాట్‌నే అడుగుతున్నాం. అలవాటైన నోటికి అదుపేముంది? మావాడి బాట్‌కు ఎవరో రైలు వేళ అడుగుతూ తన జబ్బు సంగతి కూడా రాసుకున్నాడట. మావాడు చదివాడు.

"చెరిపెయ్యరా."

"చెరిపేసినా మామా."

చెరిపాడో లేదో నాకెట్లా తెలుస్తుంది? అక్కడ గోడా లేదు, గడియా లేదు. ఉన్నది మావాడొక్కడే.