కొండ ఎవరు ఎక్కవలెను?



సాయము చేయుట మంచిదని అందరును ఒప్పుకొందురు. అయితే ఆ సాయము అందుకొనుటకు ఎంత దూరము నడువవలెనో నిర్ణయించువాడెవడు? ఇచ్చువాడా, పుచ్చుకొనువాడా? ఈ ప్రశ్నను ఆదివాసుల కొండపల్లెలలో నిలిచి యోచింతము.

మన దేశములో ఆధార్ సంఖ్యలను మొట్టమొదట పంచినది పట్టణములో కాదు. 2010 సెప్టెంబరు 29వ తేదీన, మహారాష్ట్రమందలి నందుర్బారు జిల్లాలో, టెంభ్లీ అను ఆదివాసి గ్రామములో పంచిరి. వెనుకనున్నవారిని ముందుగా లెక్కించుట చక్కని ఆరంభమే. కాని లెక్కలో చేర్చుట వేరు, పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డించుట వేరు.

రేషను దుకాణములోని యంత్రమును చూడుడి. అది వేలిముద్రను తీసికొని, దూరముననున్న కంప్యూటరుకు పంపి, అవునను జవాబు వచ్చిన పిమ్మటనే బియ్యము ఇమ్మనును. సిగ్నలు లేని పల్లెకు ఆ జవాబు రాదు. కొన్నిచోట్ల డీలరు యంత్రమును పట్టుకొని సిగ్నలు అందు మిట్టకు పోవును. జనులు అతని వెంట ఎక్కి, ముద్ర వేసి, బియ్యము కొరకు మరల దిగుదురు. పోడు నేలలో పాటుపడిన చేతులకును, వృద్ధుల చేతులకును రేఖలు అరిగిపోయి యుండును. అట్టివారితో యంత్రము, "నీవు నీవు కావు" అన్నట్లే యుండును.

యంత్రము ఊరక రాలేదని మీరందురు. నిజమే. బోగసు కార్డులమీద బియ్యము మాయమైన దినములు మనమెరుగుదుము. కాని దొంగిలించినది ఈ ఆకలిగొన్నవారా? కాపలా గిడ్డంగికి కావలెను. పరీక్ష ముసలమ్మ బొటనవ్రేలికి వచ్చినది. ఏర్పాటులో లోపమున్నయెడల దాని భారమును ఏర్పాటు చేసినవాడే మోయవలెను, ఇది న్యాయము. ముద్ర కుదరలేదని అర్హులెవరికిని సాయము నిరాకరింపబడదని ప్రభుత్వము సుప్రీంకోర్టుకు ఇచ్చిన మాట 2018 నాటి ఆధార్ తీర్పులో వ్రాయబడియున్నది. ఆ మాట దుకాణపు గడపదాక నడచి రావలెను.

భాష సంగతియు ఇట్టిదే. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో దొరికిన వ్రాతప్రతులలోని గోండి లిపికి 2018లో యూనికోడునందు స్థానము కలిగెను. సంతోషమే. అయితే ఫోనులో అక్షరమునకు చోటు దొరికినంత మాత్రమున చాలదు. బ్యాంకు కబురు తల్లికి తన మాటలో వినబడవలెను.

ఇదంతయు ప్రభుత్వపు పని యని పత్రిక మూయకుడి. మీరు గుమాస్తాయో, ఉపాధ్యాయుడో, మీసేవ నడుపువారో కావచ్చును. ముద్ర వేయించుటకు ముందు, ఎంత సొమ్ము, దేనికి అని తేటగా చెప్పుడి. రశీదు చేతికిచ్చి చదివి వినిపించుడి. ఎవరి రహస్య సంఖ్యను అడుగకుడి. ఒకసారి చేసిపెట్టుటతో ఆగక, మరుసటిసారి వారే చేసికొనునట్లు నేర్పుడి.

బలవంతుడు కూర్చుండి బలహీనుని నడిపించుట సేవ కానేరదు. కొండ దిగి రమ్మని పిలుచుటకు ముందు, మనమెన్ని అడుగులు ఎక్కితిమో ఎవరికి వారము లెక్క చూచుకొందుము గాక.